రెండో చొక్కా కొలత మారితే: రోబోలు, ఓరుగల్లు తయారీ రంగం

హన్మకొండ చౌరస్తాలో చొక్కా కావాలంటే రెండు దారులున్నాయి. రెడీమేడ్ షాపుకు వెళ్లి 40 సైజో 42 సైజో తీసుకుని, భుజం కాస్త జారినా చేతులు కాస్త పొడుగైనా సర్దుకుపోవచ్చు. లేదంటే గుడ్డ కొని, టైలర్‌కు కొలతలిచ్చి, పండుగ నాటికి అందుతుందో లేదో అన్న టెన్షన్‌తో రెండు మూడుసార్లు తిరగొచ్చు. మొదటిది చవక, వెంటనే చేతికొస్తుంది, కానీ ఫలానా మనిషి కోసం చేసింది కాదు. రెండోది ఒంటికి సరిపోతుంది, కానీ కుట్టుకూలి, ఎదురుచూపు రెండూ భరించాలి. నూరేళ్లకు పైగా ఫ్యాక్టరీలు మొదటి దారినే చవక చేసుకుంటూ వచ్చాయి. ఫ్యాక్టరీ ధరకే, ఫ్యాక్టరీ వేగంతోనే కొనేవారి కొలతకు, కొనేవారి ఇష్టానికి తగ్గట్టు చేసిచ్చే పద్ధతిని మాస్ కస్టమైజేషన్ అంటున్నారు. రోబోలు వచ్చాక ఇది సులువైపోతుందని చాలామంది నమ్మకం. జరిగింది చూస్తే అంత సులువుగా ఏమీ లేదు.

వరంగల్‌కు ఇది దూరపు ముచ్చట కాదు. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర టెక్స్‌టైల్ పార్కుల్లో తెలంగాణకు దక్కింది కూడా వరంగల్‌కే వచ్చింది. కేరళ నుంచి కిటెక్స్, కొరియా నుంచి యంగ్‌వన్ లాంటి దుస్తుల కంపెనీలు ఇక్కడ అడుగుపెట్టాయి. ఇంకోవైపు కాజీపేటలో 500 కోట్లకు పైగా ఖర్చుతో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులై 8న శంకుస్థాపన జరిగింది. అందులో వ్యాగన్లకు రోబోలతో రంగు వేసే ఏర్పాటు ఉంటుందని ఆనాడే చెప్పారు. రోబో అన్న మాట చెవిన పడగానే ఈ జిల్లాల్లో మొదట వచ్చే ప్రశ్న, మన పిల్లలకు కొలువులు ఉంటాయా అని. న్యాయమైన ప్రశ్నే. దానికి సరైన జవాబు దొరకాలంటే ముందు ఇంకొకటి అడగాలి: ఒక రకం సరుకు చేస్తున్న ఫ్యాక్టరీ ఇంకో రకానికి మారాలంటే ఎంతసేపు పడుతుంది? ధర, కొలువులు, కూలి చాలావరకు ఈ ఒక్క లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి.

లెక్క వేసి చూస్తే సంగతి తేటపడుతుంది. ఒక మెషిన్‌ను కొత్త రకానికి సెట్ చేయడానికి 120 నిమిషాలు, ఆ తర్వాత ఒక్కో పీసుకు 2 నిమిషాలు పడుతుందనుకుందాం. ఒకే రకం 1,000 పీసులు చేస్తే, సెట్టింగ్‌తో కలిపి పీసుకు పడేది 2.12 నిమిషాలు. అదే 10 పీసులు మాత్రమే చేయాల్సి వస్తే, పీసుకు 14 నిమిషాలు. మెషిన్ అదే, మనిషి అదే, పనితనమూ అదే; ఖర్చు మాత్రం ఆరు రెట్లకు పైగా పెరిగింది. ఇప్పుడు సెట్టింగ్ సమయాన్ని 3 నిమిషాలకు దించగలిగితే, 10 పీసుల ఆర్డర్‌లో కూడా పీసుకు 2.3 నిమిషాలే అవుతుంది. అంటే చిన్న ఆర్డర్, పెద్ద ఆర్డర్ దాదాపు ఒకే ధరకు వస్తాయి. మాస్ కస్టమైజేషన్‌కు పునాది ఇదే. రోబో ఉందా లేదా అన్నది దీని తర్వాతి సంగతి.

ఈ సమయాన్ని పట్టించుకోవాల్సిన అవసరమే లేకుండా చేసినవాడు హెన్రీ ఫోర్డ్. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక, కారు ఛాసిస్ బిగించడానికి పట్టే సమయం పన్నెండున్నర గంటల నుంచి గంటన్నరకు దిగింది. బదులుగా కొనేవాళ్లు ఎంపికను వదులుకున్నారు. 1914 నుంచి 1925 వరకు మోడల్ టీ కారు నలుపులోనే వచ్చింది. మన దగ్గర 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు కూడా ఆ కాలపు ఆలోచనతో పుట్టిందే: ఒకే రకం నూలు, ఒకే రకం గుడ్డ, వేల గజాలు.

ఎంపికను తిరిగి ఫ్యాక్టరీలోకి తెచ్చింది జపాన్. టయోటాలో ఉక్కు రేకును నొక్కి కారు భాగాలు చేసే 1,000 టన్నుల ప్రెస్సుకు అచ్చు మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. 1969 తర్వాత షిగియో షింగో అనే ఇంజినీర్ సాయంతో దాన్ని మొదట గంటన్నరకు, ఆ తర్వాత 3 నిమిషాలకు తెచ్చారు. అందుకు రోబోలేమీ వాడలేదు. మెషిన్ ఆగాక చేసే పనుల్లో ఏవి అది నడుస్తుండగానే చేసి పెట్టుకోవచ్చో చూశారు. కొత్త అచ్చును ముందే పక్కన సిద్ధంగా ఉంచారు. పది చుట్లు తిప్పాల్సిన బోల్టుల స్థానంలో ఒక్క తిప్పుకు బిగుసుకునేవి పెట్టారు. వరంగల్ ఆటోనగర్‌లోని లేత్ షాపు కూడా రేపట్నుంచి మొదలుపెట్టగలిగిన పనులివి. యాభై ఏళ్ల కిందటి ఈ పాఠం పెద్దగా పెట్టుబడి అడగదు. అయినా మన చిన్న పరిశ్రమల శిక్షణల్లో దీనికి దక్కాల్సిన చోటు దక్కడం లేదు.

ఇక రోబో. జార్జ్ డెవోల్ పేటెంట్‌తో తయారైన యూనిమేట్ అనే రోబో 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ ప్లాంటులో పనికి ఎక్కింది. ఎర్రగా కాలిన లోహపు ముక్కలను అచ్చులోంచి తీసి పక్కన పెట్టడం దాని పని. ఇవాళ్టి ఫ్యాక్టరీ రోబోలు చాలావరకు దాని వారసులే. అదొక చెయ్యి, ఆ చేతికి ఒక జ్ఞాపకం. టీచ్ పెండెంట్ అనే రిమోట్ పట్టుకుని టెక్నీషియన్ దాన్ని ఒక్కో చోటికి నడిపించి, ఆ చోటు గుర్తుంచుకోమంటాడు. ఆ తర్వాత అది వెంట్రుక మందం కన్నా తక్కువ తేడాతో లక్షసార్లు అక్కడికే వస్తుంది. కానీ వస్తువు ఒక అంగుళం పక్కకు జరిగి ఉంటే, కెమెరా లేని రోబో గాలినే పట్టుకుంటుంది. అందుకే రోబో పక్కన ఎప్పుడూ ఫిక్స్చర్ ఉంటుంది, వస్తువును కచ్చితంగా ఒకే చోట, ఒకే కోణంలో పట్టి ఉంచే ఇనుప చట్రం. కొత్త మోడల్ వచ్చిందంటే ప్రోగ్రామ్ మార్చాలి, రోబో చేతి చివర ఉండే పట్టు మార్చాలి, ఫిక్స్చర్ మార్చాలి. ఖరీదు చూస్తే చాలా చోట్ల రోబో కన్నా దాని చుట్టూ ఉన్న ఈ సరంజామాకే ఎక్కువ అవుతుంది. కాబట్టి మొదటి నాలుగైదు దశాబ్దాలు రోబోలు ఫోర్డ్ పద్ధతినే బలపరిచాయి.

అంతర్జాతీయ రోబోటిక్స్ సమాఖ్య లెక్కల ప్రకారం 2023లో ప్రపంచ ఫ్యాక్టరీల్లో దాదాపు 5.41 లక్షల కొత్త రోబోలు పెట్టారు. అందులో భారత్ వాటా 8,510. మన వాటా చిన్నదే అయినా అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 59 శాతం పెరిగింది. వీటిలో పెద్ద భాగం కార్లు, వాటి విడిభాగాల ఫ్యాక్టరీలకే పోయింది. ఉక్కు రేకు గట్టిగా ఉంటుంది, పెట్టిన చోటే ఉంటుంది, ఒకే మోడల్ ఏళ్ల తరబడి నడుస్తుంది. రోబోకు అంతకన్నా ఏం కావాలి?

ఆ కార్ల రంగంలోనే, రకాలు పెరిగిన చోట రోబోలు వెనక్కి తగ్గాయి. 2016లో మెర్సిడెస్ కంపెనీ జర్మనీలోని సిండెల్‌ఫింగెన్ ప్లాంటులో ఎస్-క్లాస్ కార్ల లైన్ మీద కొన్ని రోబోలను తీసి మనుషులను పెట్టింది. కొనేవాళ్లు సీట్ల తోలు, లోపలి చెక్కపని, టైర్ల వాల్వ్ మూతల దాకా ఎంచుకుంటుంటే, అన్ని రకాలను రోబోలతో చేయించడం కుదరట్లేదని కంపెనీ అధికారులే చెప్పారు. 2018లో టెస్లాలో మోడల్ 3 తయారీ చిక్కుల్లో పడ్డప్పుడు ఎలాన్ మస్క్ అతిగా ఆటోమేషన్ పెట్టడం తప్పేనని బహిరంగంగా ఒప్పుకున్నాడు. అడిడాస్ కథ ఇంకా స్పష్టం. జర్మనీలోని అన్స్‌బాఖ్‌లో, అమెరికాలోని అట్లాంటాలో రోబోలతో బూట్లు చేసే స్పీడ్‌ఫ్యాక్టరీలు పెట్టింది. ఏ ఊరి వాళ్లకు తగ్గ బూటు ఆ ఊరి దగ్గరే, రోజుల్లో చేసిస్తామన్నది. 2019 నవంబరులో రెండింటినీ మూసేస్తున్నట్టు ప్రకటించి, అక్కడ నేర్చుకున్న సాంకేతికతను వియత్నాం, చైనాల్లోని తన సరఫరాదారులకు ఇచ్చింది. ఆ లైన్లలో చేయగలిగినవి కొన్ని రకాల బూట్లే. వేగం వచ్చింది, వైవిధ్యం రాలేదు.

అయితే మాస్ కస్టమైజేషన్ పూర్తిగా గెలిచిన చోట్లూ ఉన్నాయి. చెవి లోపల పెట్టుకునే వినికిడి యంత్రాల గుల్లలు దాదాపు అన్నీ ఇవాళ త్రీడీ ప్రింటింగ్‌తోనే, ఎవరి చెవికి తగ్గట్టు వారికి తయారవుతున్నాయి. పళ్లను వరుసలోకి తెచ్చే పారదర్శక క్లిప్పులూ అంతే, ఒక్కో రోగికి ఒక్కో వరుస అచ్చులు. అక్కడ కుదిరి కారు దగ్గర కుదరకపోవడానికి కారణం ఒకటే. చెవి ఆకారం స్కాన్ అయి ఒక ఫైలుగా మెషిన్‌లోకి వెళుతుంది. ఫైలు మారితే వస్తువు మారుతుంది. ఫిక్స్చర్ లేదు, అచ్చు మార్చేది లేదు, బోల్టు విప్పేది లేదు. మార్పు సమయం సున్నాకు దగ్గరైంది.

ఈ చూపుతో వరంగల్ వైపు తిరిగితే, ఏ పనికి రోబో తగునో ఏ పనికి తగదో ఊహించడం కష్టం కాదు. కాజీపేటలో వ్యాగన్‌కు రంగు వేయడం రోబోకు సరిగ్గా తగిన పని. వ్యాగన్ పెద్దదే కానీ దాని ఆకారం ముందే తెలుసు, రకం మారినా కంప్యూటర్‌లో గీసిన బొమ్మ ఉంటుంది. రంగు పొర ఎక్కడా పలుచన కాకుండా, ఎక్కడా కారకుండా పడాలి. అన్నిటికన్నా ముఖ్యం, స్ప్రే రంగుల ఆవిరి మనిషి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇలాంటి పని నుంచి మనిషిని తప్పించడం మేలే. అక్కడ పోయే కొలువును చూసి బాధపడటం కన్నా, ఆ రోబోను సెట్ చేసే, శుభ్రం చేసే, మరమ్మతు చేసే కొలువులు కాజీపేట, హన్మకొండ పిల్లలకే రావాలని పట్టుబట్టడం మంచిది.

గీసుగొండలో అలా కుదరదు, ఎందుకంటే అక్కడి సరుకు గుడ్డ. గుడ్డను పట్టుకుంటే వంగుతుంది, లాగితే సాగుతుంది, కింద పెడితే ప్రతిసారీ ఒక్కో తీరుగా ముడుచుకుంటుంది. రెండు పొరలను కలిపి కాలర్ వంపులో కుట్టు వేస్తున్న మహిళ వేళ్లు క్షణక్షణం ఎంత పట్టాలో ఎంత వదలాలో తేల్చుకుంటాయి. కింది పొర కాస్త వెనకబడితే బొటనవేలితో ముందుకు తోస్తుంది. ఆమెకు అది ఆలోచించి చేసే పని కూడా కాదు. రోబోకు మాత్రం ఇది కొండంత కష్టం. సోబో (Sewbo) అనే ప్రయోగంలో ఒక అమెరికన్ దీనికి చిత్రమైన ఉపాయం కనిపెట్టాడు: నీళ్లలో కరిగే పాలిమర్‌తో గుడ్డను అట్టలా గట్టిపరిచి, రోబోతో కుట్టించి, తర్వాత కడిగేయడం. గుడ్డను ఉక్కు రేకులా మారిస్తే తప్ప రోబో కుట్టలేకపోయిందన్నమాట. అట్లాంటాలోని సాఫ్ట్‌వేర్ ఆటోమేషన్ (SoftWear Automation) అనే సంస్థ కెమెరాలతో దారాలను చూస్తూ కుట్టే యంత్రాల మీద 2012 నుంచీ పనిచేస్తోంది. టీషర్ట్ లాంటి సాదా దుస్తుల దగ్గర కొంత ముందడుగు పడింది. లైనింగ్ ఉన్న జాకెట్, కుచ్చులున్న గౌను ఇంకా మనిషి చేతుల్లోనే ఉన్నాయి, కొంతకాలం ఉంటాయి కూడా.

కుట్టు దగ్గర ఆగిపోయిన ఆటోమేషన్ కటింగ్ దగ్గర ఎప్పుడో వచ్చేసింది. కంప్యూటర్‌తో నడిచే గుడ్డ కటింగ్ యంత్రాలు 1960ల చివర్లోనే మొదలయ్యాయి. కింద నుంచి గాలి పీల్చి గుడ్డను బల్లకు అతికించినట్టు పట్టి ఉంచుతారు. పైన కత్తి ప్యాటర్న్ ఫైలును అనుసరించి తిరుగుతుంది. యాభై పొరలు ఒకేసారి కోసే యంత్రాలున్నాయి, ఒక్కటే పొర కోసే యంత్రాలూ ఉన్నాయి. ఒక్క పొర యంత్రంలో మొదటి చొక్కా ఒక కొలత, రెండో చొక్కా ఇంకో కొలత అయినా మార్పు సమయం దాదాపు లేదు. చెవి గుల్లకు జరిగిందే ఇక్కడా జరుగుతుంది. దుస్తుల్లో కస్టమైజేషన్ కటింగ్‌లో, కొలతల్లో ఉంది. కుట్టు చేతిపనిగానే ఉండొచ్చు.

ఇది ఈ ప్రాంతానికి నిజంగా అక్కరకొచ్చే చోటు ప్రభుత్వ బడుల యూనిఫాంలు. వాటిని కుట్టే పనిని 2024లో రాష్ట్ర ప్రభుత్వం మహిళా సంఘాలకు అప్పగించింది. గుడ్డ ఒకటే, రంగు ఒకటే, కానీ ఒక్కో పిల్లాడి ఒళ్లు ఒక్కో తీరు. అచ్చమైన మాస్ కస్టమైజేషన్ పని ఇది, ఆ పేరు ఎవరూ పెట్టలేదంతే. కొలతలను బడిలోనే ఫోన్‌లో ఎక్కించి, జిల్లాకో ఉమ్మడి కటింగ్ కేంద్రంలో పిల్లల పేర్ల వారీగా ముక్కలు కోసి, కట్టలు కట్టి సంఘాలకు పంపితే ఎలా ఉంటుంది? సంఘం మహిళకు కత్తెర పని, గుడ్డ వృథా, కోత తప్పులు తప్పుతాయి. చేతికి వచ్చేది కుట్టడానికి సిద్ధమైన ముక్కలు. పదో తరగతి పిల్లాడికి ఆరో తరగతి నిక్కరు వచ్చే అవస్థ కూడా తగ్గుతుంది. కొన్ని కోట్లు పెట్టి మెరిసే రోబో లైన్ తెచ్చి చూపించడం కన్నా ఇలాంటి ఒక్క కేంద్రం వరంగల్‌కు ఎక్కువ నేర్పుతుంది.

నేత వైపు చూస్తే సిరిసిల్ల ఉంది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకం అక్కడి సాంచాలకు, అంటే మరమగ్గాలకు, ఏటా దాదాపు కోటి చీరల ఆర్డర్ ఇచ్చింది. మొదట్లో వచ్చిన విమర్శల తర్వాత ఏటేటా రంగులు పెరిగాయి, అంచుల్లో డాబీ, జకార్డ్ అనే మగ్గపు పరికరాలతో నేసే డిజైన్లు వచ్చాయి. అంత పెద్ద ఆర్డర్‌లో అన్ని రకాలు ఇవ్వగలగడం వెనుక ఒక పాత సూత్రం ఉంది: తేడా కనబడాల్సిన చోట మాత్రమే తేడా చేయాలి, మిగతాదంతా ఉమ్మడిగా ఉంచాలి. ఇటలీలో బెనెటన్ కంపెనీ 1970లలో స్వెట్టర్లను ముందు తెల్లగా అల్లి పెట్టుకుని, ఆ సీజన్‌లో ఏ రంగు అడుగుతున్నారో చూసి తర్వాత రంగు వేసేది. ఇక ఫైలు మారితే సరుకు మారే దారికి అసలు మూలం జకార్డ్ యంత్రమే. 1800ల మొదట్లో ఫ్రాన్స్‌లో చిల్లుల అట్టలతో మొదలైంది. అట్టల వరుస మారితే డిజైన్ మారుతుంది. ఇవాళ ఎలక్ట్రానిక్ జకార్డ్‌లో ఆ అట్టల పని ఒక ఫైలు చేస్తుంది.

అయినా సాంచా దగ్గర అసలు ఆలస్యం డిజైన్‌లో లేదు, పడుగు పోగులు చుట్టి ఉండే భీములో ఉంది. నేసి నేసి భీము ఖాళీ అయ్యాక కొత్తది ఎక్కించి, పాత పోగు చివరకు కొత్త పోగు చివరను ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు. అతికే మనిషి కూర్చుని, రెండు పోగులను వేళ్ల మధ్య మెలిపెట్టి, తర్వాతి రెండింటికి వెళతాడు. కళ్లు ఎత్తడానికి ఉండదు. అంతసేపూ సాంచా ఆగి ఉంటుంది. పోగుల లెక్క గానీ నూలు రకం గానీ మారితే అతకడంతో సరిపోదు, ప్రతి పోగునూ మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. నిమిషానికి వందల ముడులు వేసే యంత్రాలు పెద్ద మిల్లుల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. సాంచాలు నడిపే చిన్న ఆసాములు నలుగురైదుగురు కలిసి అద్దెకు తెచ్చుకునేలా అలాంటి యంత్రం అందుబాటులో ఉంటే, 5,000 చీరల ఆర్డర్ మాత్రమే కాకుండా 200 చీరల ఆర్డర్ కూడా ఒప్పుకోగలుగుతారు. ప్రభుత్వ ఆర్డర్ ఒక్కదాని మీదే బతకాల్సిన అవస్థ నుంచి బయటపడే దారుల్లో ఇదొకటి.

బయటి నుంచి తెచ్చిన యంత్రాలే కావాలని కూడా లేదు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి భుజం నొప్పి చూడలేక 1990లలో ఏళ్లకేళ్లు కష్టపడి ఆసు యంత్రం చేశాడు. ఆసు అంటే చీర నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే పని. ఒక చీరకు ఆసు పోయాలంటే చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల ఆ పనిని యంత్రం గంటన్నరకు తెచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. డిజైన్ గీసే కన్ను, రంగు కట్టే చెయ్యి మనిషివిగానే ఉండి, ఒళ్లు హూనం చేసే కదలిక ఒక్కటే యంత్రానికి పోయింది. ఆటోమేషన్ అంటే ఎక్కడ గీత గీయాలో ఇంత చక్కగా చూపిన ఉదాహరణ ఈ నేల మీద ఇంకోటి దొరకదు.

ఇక మనుషుల సంగతి. రకాలు పెరిగే కొద్దీ ఫ్యాక్టరీకి కావాల్సింది బటన్ నొక్కేవాళ్లు కాదు, సెట్టింగ్ మార్చేవాళ్లు. డెన్మార్క్‌కు చెందిన యూనివర్సల్ రోబోట్స్ 2008లో అమ్మడం మొదలుపెట్టిన కోబోట్లు ఇందుకు కొంత దారి చూపాయి. కంచె లేకుండా మనిషి పక్కనే పనిచేసే చిన్న రోబోలు ఇవి. చేత్తో పట్టుకుని నడిపించి పని నేర్పొచ్చు, ఒక పని నుంచి ఇంకో పనికి తిప్పడం తేలిక. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను 2,324 కోట్లతో టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. అందులో ఇండస్ట్రియల్ రోబోటిక్స్ కోర్సు ఉండటం సంతోషం. అయితే ఆ కోర్సులో పరీక్ష ఎలా పెడతారన్నదే అసలు ప్రశ్న. నడుస్తున్న రోబోను నడిపించి చూపితే మార్కులు వేయడం సులువు. తెలియని వస్తువు ఒకటి చేతికిచ్చి, దానికి పట్టు, ఫిక్స్చర్, ప్రోగ్రామ్ సిద్ధం చేయడానికి ఎంతసేపు తీసుకున్నాడో చూసి మార్కులు వేస్తే, ఆ పిల్లాడికి కాజీపేటలోనూ గీసుగొండలోనూ పని దొరుకుతుంది. 1959లో ఆర్‌ఈసీగా పుట్టిన వరంగల్ ఎన్‌ఐటీలో సీమెన్స్ సహకారంతో డిజిటల్ తయారీ కేంద్రం ఉంది. అక్కడి పరికరాల మీద ఆటోనగర్ మెకానిక్‌లకు, మడికొండ మరమగ్గాల వాళ్లకు కూడా వారానికి కొన్ని గంటలు చోటివ్వడం పెద్ద కష్టం కాదు.

చివరగా, ఎవరూ పెద్దగా మాట్లాడని కూలి లెక్క ఒకటుంది. కుట్టులో పీసుకు, నేతలో మీటరుకు కూలి కట్టే పద్ధతి ఒకే రకం సరుకు పెద్దయెత్తున చేసే చోటికే తగింది. ఒకే రకం పని వస్తూ ఉంటే చెయ్యి తిరుగుతుంది, వేగం పెరుగుతుంది, కూలి గిట్టుబాటు అవుతుంది. పది పీసులకోసారి డిజైన్ మారితే అదే మనిషి, అదే నైపుణ్యంతో, తక్కువ సంపాదిస్తుంది. సాంచా ఆగి భీము మారుతున్న గంటలకు నేత కార్మికుడికి ఏమీ రాదు. మాస్ కస్టమైజేషన్ వల్ల కొనేవారికి ఎంపిక, కంపెనీకి లాభం వచ్చి, మార్పు సమయం భారం మాత్రం కార్మికుల మీద పడే ప్రమాదం ఇక్కడే ఉంది. సిరిసిల్లలో కూలి ఒప్పందాలు కుదిరేటప్పుడు, టెక్స్‌టైల్ పార్కు కంపెనీలు పీసు రేట్లు ఖరారు చేసేటప్పుడు, రకం మారిన ప్రతిసారీ గంటల లెక్కన వేరుగా కూలి ఇవ్వాలన్న షరతు రాయించుకోవాలి. ఆ షరతు ఉంటే ఆగిన ప్రతి గంటా యజమానికి ఖర్చుగా కనబడుతుంది, దాన్ని తగ్గించే, ముడులు వేసే యంత్రానికో, మెరుగైన ఫిక్స్చర్‌కో డబ్బు పెట్టడానికి అతనికే కారణం దొరుకుతుంది.